డోమ్స్‌డే పుస్తకం చదవడం నేర్చుకుందాం – పాఠం 3: ఎవరు ఎవరి కింద?

హైడ్ అంటే ముందుగా పన్ను లెక్క అనీ, దాన్ని ఎకరాల్లోకి మార్చడానికి తొందరపడొద్దనీ పోయిన పాఠంలో అనుకున్నాం. ఈసారి మనుషుల దగ్గరికి వద్దాం. 1066లో నార్మన్లతో వచ్చి ఇంగ్లండును గెలిచిన విలియం రాజు 1085 క్రిస్మస్‌కి గ్లౌస్టర్‌లో సర్వే చేయించాలని నిర్ణయించాడు. 1086లో ఇంగ్లండులో చాలా భాగం ఊరూరా లెక్కకెక్కింది. ఆ లెక్కల పుస్తకమే డోమ్స్‌డే. అయితే ఫలానా హోదా అంటే ఏమిటో ఆ పుస్తకం ఎక్కడా విడమరిచి చెప్పదు. విభక్తిని బట్టి, ఎడ్లను బట్టి మనమే తేల్చుకోవాలి.

అభ్యాసం కోసం ఒక పద్దు రాశాను. పుస్తకంలోది కాదు, నడక మాత్రం అదే:

“ఒక నైటు ఈ ఊరిని బిషప్పు నుంచి పట్టుకుని ఉన్నాడు. ఎడ్వర్డ్ రాజు కాలంలో ఇద్దరు స్వేచ్ఛా రైతులు పట్టుకుని ఉండేవారు, భూమితో సహా కోరిన చోటికి పోగలిగేవారు. 5 హైడ్లకు పన్ను. 6 అరకల నేల. సొంత కమతంలో 2 అరకలు, నలుగురు బానిసలు. 9 మంది విల్లానీలకు, 5గురు బోర్డారీలకు కలిపి 3 అరకలు.”

ముందు “నుంచి” కింద గీత గీయండి. “నుంచి పట్టుకుని ఉన్నాడు” అన్నది లాటిన్‌లో “టెనెట్ డే”, అంటే ఫలానావారు ఇచ్చిన భూమిని అనుభవిస్తున్నాడని. చిన్నప్పుడు విసుక్కుంటూ వల్లె వేసిన పంచమీ విభక్తి ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది! నైటు బిషప్పు నుంచి, బిషప్పు రాజు నుంచి. రాజు మాత్రం ఎవరి నుంచీ పట్టుకోడు. పైనుంచి భూమి వస్తే కిందినుంచి విధేయత, సైనిక సేవ వెళ్లాలి. ఎంతమంది నైట్లను పంపాలన్నది ఈ పుస్తకంలో వెతక్కండి, మామూలుగా దొరకదు. దానికి 1166లో రెండో హెన్రీ రాయించిన పత్రాలు చూడాలి. ఇంకో సంగతి. 1086 ఆగస్టులోనే సాలిస్‌బరీలో విలియం, ఎవరి మనుషులైనా సరే, చెప్పుకోదగ్గ భూస్వాములందరి చేతా తనకే నేరుగా ప్రమాణం చేయించుకున్నాడు. నిచ్చెన మెట్ల బొమ్మ గీసేసి చేతులు దులుపుకోకూడదు అనేది అందుకే.

“కోరిన చోటికి పోగలిగేవారు” అన్న మాట విహారయాత్ర గురించి కాదు. భూమి చేతిలో ఉండగానే దొరను మార్చుకునే హక్కు అది. ఎడ్వర్డ్ రాజు కాలంలో, అంటే నార్మన్లు రాకముందు, ఆ ఊరి రైతులకు అది ఉంది. ఇప్పుడు ఆ రైతులే పద్దులో లేరు.

ఇక ఎడ్లు. మన అరకకు రెండెడ్లు, ఈ పుస్తకం లెక్కలో అరకకు 8 ఎద్దులు. కింది రైతులవి 3 అరకలంటే 24 ఎద్దులు. ఇళ్లు 14 (విల్లానీల సంఖ్యను ఇంటి పెద్దల లెక్కగా తీసుకోవడం వాడుక). ఇంటికి రెండైనా రావు. అంటే పొత్తు కలవనిదే దుక్కి సాగదు. దొరకు చేయాల్సిన పని ఎంత నిజమో పక్కింటివాడితో ఉన్న ఈ ముడీ అంతే నిజం. పాఠ్యపుస్తకాల పిరమిడ్ బొమ్మల్లో ఇది కనిపించదు.

దొర అరకలు 2, బానిసలు నలుగురు. అరకకు ఇద్దరు చాలు: నాగలి పట్టేవాడొకడు, ఎడ్లను తోలేవాడొకడు. ఈ జంట లెక్క చాలా పద్దుల్లో కుదురుతుంది. బానిసకు సొంత అరక రాయలేదు చూడండి. మన సినిమా ‘విలన్’ మాటకు మూలమైన విల్లానీకి మాత్రం భూమీ ఉంది, అరకలో వాటా ఉంది. ఆ భూమికి బదులుగా దొర పొలంలో పని చేయాలి. వెట్టి అనబుద్ధేస్తుంది కానీ పూర్తిగా అతకదు. బోర్డారీకి ఉండేది చిన్న చెక్క, అంతే.

ఇంటిపని:

“మఠం తానే ఈ ఊరిని పట్టుకుని ఉంది. 8 అరకల నేల. సొంత కమతంలో 1 అరక. 20 మంది సోక్‌మెన్‌కు, నలుగురు బోర్డారీలకు కలిపి 7 అరకలు.”

సోక్‌మన్ అంటే దొర న్యాయాధికారం కిందికి వచ్చినా విల్లానీ కంటే స్వేచ్ఛ ఎక్కువ ఉన్న రైతు. ఇంటికి ఎన్ని ఎద్దులొస్తాయో లెక్కకట్టి, పై ఊరితో పోల్చండి. బానిసలు లేరు కదా, మఠం అరకను తోలేది ఎవరై ఉంటారో రెండు వాక్యాల్లో రాసుకోండి. పాఠం 4లో ఊరి విలువను మూడుసార్లు చెప్పే చివరి పంక్తిని చదివేటప్పుడు ఆ జవాబు దగ్గర పెట్టుకోండి.