మెడికల్ అసిస్టెంట్ పరీక్షకు వైద్య పదాలు చదివే ముందు జాగ్రత్తలు

అమెరికాలో మెడికల్ అసిస్టెంట్లకు సర్టిఫికెట్ ఇచ్చే సీఎంఏ, సీసీఎంఏ, ఆర్‌ఎంఏ పరీక్షలను వేర్వేరు సంస్థలు నిర్వహిస్తాయి. మీరు రాసేది ఏదో తేల్చుకుని, దాని సిలబస్ దగ్గర పెట్టుకున్నాకే పుస్తకం తెరవండి.

• పదాన్ని గుడ్డిగా బట్టీ పట్టకండి, విడగొట్టండి. పెరికార్డైటిస్‌లో పెరి అంటే చుట్టూ, కార్డి అంటే గుండె, ఐటిస్ అంటే వాపు. సంధులు విడదీసిన వాళ్లకు ఇదేమంత కష్టం కాదు.

• అసలు తికమక పదాల చివర్లోనే ఉంటుంది. ఎక్టమీ అంటే తొలగించడం, ఆటమీ అంటే కోయడం, ఆస్టమీ అంటే ద్వారం ఏర్పరచడం. మూడింటినీ పక్కపక్కనే పెట్టి చదవండి.

• నోట్సు తెలుగు లిపిలో వద్దు. ఇలియం అని పలికే పదాలు రెండున్నాయి: ఇంగ్లిషు స్పెల్లింగులో మూడో అక్షరం ‘ఐ’ అయితే తుంటి ఎముక, ‘ఈ’ అయితే చిన్నపేగు చివరి భాగం. మన లిపిలో రెండూ ఒకటే అయిపోతాయి!

• పాత నోట్సులతో జాగ్రత్త. యూనిట్‌కు ‘యు’, రోజుకొకసారికి ‘క్యూడీ’ వంటి సంక్షిప్తాలు అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ వాడవద్దన్న జాబితాలో ఉన్నాయి. చూస్తే గుర్తుపట్టండి, మీరు మాత్రం రాయకండి.

• మోతాదులో 5.0 అనీ రాయకూడదు. చుక్క కనబడకపోతే 5 మిల్లీగ్రాములు కాస్తా 50 అవుతాయి.