ఊర్లో అందరూ నేర్చుకునే కంప్యూటర్ గది పెట్టాలంటే టీచర్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

టీచర్ ఉద్యోగంలో ఉన్నా, రిటైరైనా, ఊరికి కంప్యూటర్ చదువు తేవాలనుకునేవాళ్ళు మామూలుగా చేసేదేంటంటే, ఒక దాతని పట్టుకుని పది కంప్యూటర్లు కొనిపిస్తారు, ఎమ్మెల్యే గారితో రిబ్బన్ కట్ చేయిస్తారు, ఫోటో దిగుతారు, కొన్నాళ్ళకి ఆ గదికి తాళం పడుతుంది. అందుకే కొనడం అనేది చివర్లో పెట్టుకోండి.

ముందు విద్యా పరిశోధకుడు సుగత మిత్రా గారి సంగతి కాస్త తెలుసుకోవాలి. 1999లో ఢిల్లీ కల్కాజీలో ఆయన ఆఫీసు గోడకి కన్నం చేసి, అవతలి బస్తీ వైపు ఒక కంప్యూటర్ బిగించారు, ఎవరూ చెప్పకుండానే పిల్లలు దాన్ని వాడటం నేర్చేసుకున్నారు. అందరూ ఈ ముక్కే చెప్పుకుని ఆగిపోతారు గానీ అసలు విషయం తర్వాత ఉంది. తమిళనాడు కాళికుప్పంలో డీఎన్ఏ గురించి ఇంగ్లీషు పాఠాలు కంప్యూటర్లో పెట్టి పిల్లల్ని వదిలేస్తే టెస్టులో 30 శాతం దాకా వచ్చారు, సైన్స్ తెలియని ఒక యువతిని వాళ్ళ వెనక నిలబెట్టి "అబ్బో, ఇదెలా చేశావ్, మళ్ళీ చూపించు" అంటూ ఉండమంటే అదే 50 శాతానికి పోయింది. ఇంకోవైపు, గోడల్లో పెట్టిన ఆ కంప్యూటర్ల దగ్గర పెద్ద మగపిల్లలే తిష్టవేసి గేములాడుకునేవాళ్ళని విమర్శకులు రాశారు. అంటే మిషన్ ఒక్కటీ పెడితే సరిపోదు, వెనక ఒక మనిషి ఉండాలి.

సో మొదటి పని ఆ మనిషిని వెతకడం. డిగ్రీ అయి ఇంట్లో ఉన్న అమ్మాయి కావచ్చు, డ్వాక్రా లీడర్ కావచ్చు, రిటైరైన పోస్ట్‌మాస్టర్ కావచ్చు. కంప్యూటర్ రావాల్సిన పనిలేదు, పిల్లలంటే చిరాకు లేకపోతే చాలు. ఇద్దర్ని పెట్టుకోండి, ఒకరికి పెళ్ళయ్యో ఉద్యోగమొచ్చో వెళ్ళిపోతే గది మూతపడకూడదు కదా.

తర్వాత చోటు. గ్రంథాలయమో, సాయంత్రం ఖాళీగా ఉండే బడి గదో ఏదైనా పర్లేదు, కానీ సర్పంచ్ గారి నోటి మాట మీద మాత్రం వెళ్ళొద్దు, పంచాయతీ తీర్మానం కాపీ చేతిలో ఉండాలి, బడి అయితే హెడ్మాస్టర్ అనుమతి కాగితం మీద ఉండాలి. రేపు సర్పంచ్ మారితే మీ సామాను రోడ్డు మీద ఉంటుంది. కరెంటు వైరింగ్, ఎర్తింగ్ ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. స్క్రీన్లన్నీ గదిలోకి వచ్చినవాళ్ళకి కనబడేలా తిప్పి పెడితే ఎవరు ఏం చూస్తున్నారో కాపలా కాయక్కర్లేదు.

ఇప్పుడు మిషన్లు. నలుగురు పిల్లలకి ఒకటి చాలు, ఒకరికి ఒకటి ఇస్తే మాట్లాడుకోవడం ఆగిపోతుంది. ఆఫీసులు వదిలించుకునే పాత ల్యాప్‌టాప్‌లు తీసుకుని, హార్డ్‌డిస్క్ తీసేసి దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించి, విండోస్ బదులు ఉబుంటు లాంటి ఉచిత లినక్స్ ఎక్కిస్తే బానే నడుస్తాయి. నెట్ ఎలాగూ ఉండీ లేనట్టే ఉంటుంది కాబట్టి కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి, దాంట్లో తెలుగు వికీపీడియా మొత్తం ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే చదవొచ్చు. ఇంగ్లీషుది బొమ్మలతో సహా వంద జీబీ దాటిపోతుంది, తెలుగుది అందులో చిన్న ముక్క. చిన్నపిల్లలకి స్టోరీవీవర్ అనే కథల వెబ్‌సైట్‌లో తెలుగు కథలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు, చదవడం తడబడేవాళ్ళకి గూగుల్ రీడ్ అలాంగ్ అనే యాప్ ఉంది, పైకి చదివితే వింటూ ఉంటుంది.

ఇక రోజూ నడపడం, కష్టమంతా ఇక్కడే. ఎంఎస్ వర్డ్ సిలబస్ మొదలుపెట్టారా, నాలుగో రోజుకి సగం మంది రారు. రోజుకో ప్రశ్న ఇచ్చి వదిలేయండి, చీమకి దారి ఎలా తెలుస్తుంది, నల్గొండ వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎందుకుంది, ఇలాంటివి. చివర్లో గ్రూపుకొకరు లేచి చెప్పాలి, తప్పు చెప్తే మీరు దిద్దొద్దు, పక్క గ్రూపు దిద్దుతుంది (టీచర్లకి ఇదే అన్నిటికంటే కష్టం, నోరు ఊరుకోదు). ఆడపిల్లలకి విడిగా కొంత టైం రాసిపెట్టండి, లేకపోతే కీబోర్డు వాళ్ళ చేతికి రాదు.

పెద్దవాళ్ళకి కంప్యూటర్ కాదు, వాళ్ళ ఫోనే పాఠం. డబ్బులు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదని, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని, మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ముందు చెప్పండి, భూమి రికార్డులు చూసుకోవడం తర్వాత. ఇది నేర్చుకున్న తల్లులే పిల్లల్ని రోజూ పంపిస్తారు.

కొంచెం కుదురుకున్నాక పిల్లలకి మంచి ప్రాజెక్టు ఒకటుంది. తెలుగు వికీపీడియాలో దాదాపు ప్రతి ఊరికీ పేజీ ఉంటుంది, కానీ చాలా వాటిలో 2011 జనాభా లెక్కల నుంచి తెచ్చిన వివరాలు తప్ప ఇంకేం ఉండదు. మీ ఊరి పేజీ తీసి చూపించండి, "మన చెరువు గురించి లేదేంటి సార్" అని వాళ్ళే అడుగుతారు. మా తాత చెప్పాడని రాస్తే అక్కడ నిలవదు, పుస్తకమో పేపరో ఆధారం చూపించాలి. అందుకని ఫోటోలతో మొదలుపెట్టించండి, చెరువు, గుడి, బడి, సంత, అన్నీ సొంతంగా తీసినవే వికీపీడియాకి ఫోటోలు దాచే వికీమీడియా కామన్స్‌ సైటులో ఎక్కించాలి, వాట్సాప్‌లో వచ్చినవి ఎక్కిస్తే తీసేస్తారు.