ఊలుకు ఉల్లిపొట్టు రంగు

లంబసింగి చలికి మఫ్లర్ అల్లుతున్నారా? ఊలుకు రంగు ఇంట్లోనే వేసుకోవచ్చు. రైతుబజార్‌లో ఉల్లిపాయల దగ్గర రాలిన పొట్టు అడిగి తెచ్చుకోండి.

ముందు ఒక పోగు కాల్చి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిదలా నలిగితే అసలైన ఊలు. కరిగి గట్టి పూసలా మారితే అక్రిలిక్, దానికి ఈ రంగు పట్టదు.

100 గ్రాముల ఊలుకు 100 గ్రాముల ఎండు పొట్టు, 10 గ్రాముల పటిక చాలు. చిలపను, అంటే ఊలు పోగుల చుట్టను, వదులుగా కట్టి, నానబెట్టి, పటిక నీళ్లలో గంటసేపు సన్నని సెగ మీద ఉంచండి. పొట్టును విడిగా ఉడికించి వడకట్టండి. ఆ నీళ్లు గోరువెచ్చగా అయ్యాక చిలప వేసి, మళ్లీ మెల్లగా ఒక గంట వేడి చేయండి. మరగనివ్వొద్దు, కలియబెట్టొద్దు. ఆ గిన్నెలోనే చల్లారనివ్వండి. నేను తొందరపడి వేడి ఊలును చన్నీళ్లలో ముంచితే మొత్తం ముద్దకట్టేసింది, ఇప్పటికీ బాధే.

నారింజ కలిసిన బంగారు రంగు వస్తుంది, ఎంత బాగుంటుందో! నీడలోనే ఆరేయండి. మన విశాఖ సముద్రపు తేమకి రెండు రోజులు పట్టొచ్చు. రంగు గిన్నె మాత్రం వంటకు వాడకండి.