ఏసీ మెకానిక్ షాపుకి ప్రచారం: స్టిక్కరు ముందు, ఫ్లెక్సీ చివర

ఏసీ ఆగిపోయిన మనిషికి ప్రకటనలు చదివే ఓపిక ఉండదు. ఏప్రిల్ నెల, రాత్రి పది దాటింది. గాలి వస్తోంది గానీ చల్లదనం లేదు, ఇండోర్ యూనిట్ నుంచి నీళ్లు గోడ మీదికి కారుతున్నాయి. అప్పుడు ఆయన ముందు ఏసీ వంక చూస్తాడు, తర్వాత స్టెబిలైజర్ వంక, ఆ తర్వాత ఫోన్ తీస్తాడు. మీ నంబరు వీటిలో ఎక్కడో ఒకచోట కనిపించాలి. బైపాస్ రోడ్డు మీద మీ ఫ్లెక్సీ ఎంత పెద్దదైనా ఆ పూట గుర్తుకు రాదు.

కొత్తగా షాపు తెరిచినవాళ్లు చాలామంది మొదటి వారంలోనే ఫ్లెక్సీలు కొట్టించి, తర్వాత పాంప్లెట్లు వేసి, డబ్బు మిగిలితే స్టిక్కర్ల సంగతి చూస్తారు. ఆ వరుసను తిరగేయాలి.

స్టిక్కరు

3 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు చాలు. మొదటి విడత 500 వేయించండి. కాగితం స్టిక్కరు చెమ్మకి ఉబ్బి, గోరు తగిలితే చిరిగిపోతుంది. వినైల్ (ప్లాస్టిక్ లాంటి పొర) అడగండి. ఫోన్ నంబరు అన్నిటికంటే పెద్దగా, షాపు పేరు దానికంటే చిన్నగా ఉండాలి. చాలా షాపుల స్టిక్కర్లలో ఇది తలకిందులుగా ఉంటుంది, మధ్యలో దేవుడి బొమ్మ సగం చోటు తినేస్తుంది. పది అంకెలనూ కలిపి రాయకుండా ఐదు, ఐదుగా విడదీస్తే చూసి నొక్కడం తేలిక. రెండు నంబర్లకు మించి వద్దు.

కింద రెండు ఖాళీ గీతలు వదలండి: ‘సర్వీసు చేసిన తేదీ’, ‘మళ్లీ చేయించాల్సిన నెల’. స్టిక్కరు మీద నిగనిగలాడే గ్లాసీ లామినేషన్ వేయిస్తే బాల్‌పెన్ జారిపోతుంది, ఏమీ రాయలేరు. లామినేషన్ వద్దని చెప్పండి, లేదా పర్మనెంట్ మార్కర్ జేబులో ఉంచుకోండి. ఆ తేదీ రాయడం మానేస్తే అది ఉత్త ప్రకటన. రాస్తే ఇంటివాళ్లకు పనికొచ్చే కాగితం అవుతుంది, పీకి పారేయరు.

అంటించే చోటు సంగతి. ఇండోర్ యూనిట్ పక్క భాగంలో గానీ, అడుగున కుడి మూలన గానీ వేయండి. స్టార్ రేటింగ్ లేబుల్ మీదా, మోడల్, సీరియల్ నంబర్లున్న లేబుల్ మీదా వేయొద్దు. రేపు ఏసీ లోపలి సర్క్యూట్ బోర్డు పోతే ఆ నంబరు చూసే స్పేర్ తెప్పించాలి. రిమోట్ సిగ్నల్ అందుకునే చోటు, గాలి పీల్చుకునే జాలీ కూడా వదిలేయండి. అవుట్‌డోర్ యూనిట్ మీద వేస్తే వర్షం సంగతి అటుంచితే, ఎండకి రంగు పోతుంది. ముందు పోయేవి ఎరుపు, పసుపు. నంబరు ఎర్రటి అక్షరాల్లో ఉంటే రెండు వేసవుల తర్వాత అక్కడ తెల్ల స్టిక్కరే మిగులుతుంది. అందుకే నంబరు నలుపులోనే ఉండాలి.

వాటర్ సర్వీసు (నీళ్లతో ఏసీని కడగడం) చేసిన వెంటనే బాడీ తడిగా ఉంటుంది, జిగురు పట్టదు. పొడి గుడ్డతో తుడిచి, ఐదు నిమిషాలు ఆగి, మధ్య నుంచి అంచులకు నొక్కుతూ అంటించండి. కొత్త ఏసీ మీద స్టిక్కరు వేస్తే కొందరికి నచ్చదు, ఒక మాట అడిగి వేయడమే మర్యాద. వద్దంటే స్టెబిలైజర్ మీద వేయండి. ఇన్వర్టర్ ఏసీలకు చాలా ఇళ్లలో స్టెబిలైజర్ ఉండదు. అలాంటప్పుడు ముందు ప్యానెల్ లోపలి వైపు వేస్తే, ఫిల్టరు కడగడానికి మూత తీసినప్పుడల్లా కనబడుతుంది. ఇంకో మెకానిక్ స్టిక్కరు ఉంటే దాని మీద మీది వేయొద్దు. ఇంటావిడ చూస్తూనే ఉంటారు, చిన్నబుద్ధి అనుకుంటారు.

ఫోన్‌లో సేవ్ అవడం

విజిటింగ్ కార్డు ఇస్తే పర్సులోకో టీవీ కింది అరలోకో పోతుంది. అయినా ఉండాలి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి, ఎలక్ట్రీషియన్‌కి, ఇల్లు కట్టించే మేస్త్రీకి ఇవ్వడానికి అంతకన్నా మంచి వస్తువు లేదు. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మందం, మ్యాట్ (మెరుపు లేని) లామినేషన్, వెనకవైపు తెలుగులో మీరు చేసే పనులు. మల్టీకలర్ కార్డుల్ని ప్రెస్సువాళ్లు పదిమంది ఆర్డర్లు ఒకే షీటు మీద కలిపి వేస్తారు కాబట్టి సాధారణంగా వెయ్యికి తక్కువ తీసుకోరు. రంగు కూడా ఒక విడతకీ ఇంకో విడతకీ కొంచెం తేడా వస్తుంది, దానికి గొడవపడి లాభం లేదు.

కార్డు కంటే గట్టిది వాట్సాప్ బిల్లు. పని అయ్యాక, ఇంట్లోంచి బయటికి రాకముందే, వాట్సాప్ బిజినెస్ యాప్ నుంచి బిల్లు ఫోటో పంపండి. దాని కింద ఇలా రాయొచ్చు:

‘నమస్తే అండీ. ఈ రోజు మీ హాల్లో 1.5 టన్ను ఏసీకి వాటర్ సర్వీసు చేశాం. గ్యాస్ సరిపడా ఉంది. మళ్లీ సర్వీసు అక్టోబరులో చేయించుకుంటే చాలు. ఈ నంబరు “ఏసీ మెకానిక్” అని సేవ్ చేసుకోండి.’

మీ షాపు పేరుతో సేవ్ చేసుకోమని అడగొద్దు. అవసరం వచ్చినప్పుడు వాళ్లు వెతికేది ‘ఏసీ’ అనే. నంబరు సేవ్ చేయించడానికి ఇంకో కారణం కూడా ఉంది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (ఒకే మెసేజ్‌ను అందరికీ విడివిడిగా పంపే జాబితా) 256 మందిని పెట్టుకోవచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. ఏడాదికి రెండుసార్లు చాలు: ఫిబ్రవరి చివర ఒకటి, వానలు తగ్గాక ఒకటి. ప్రతి పండక్కీ శుభాకాంక్షల బొమ్మ పంపే షాపుని జనం బ్లాక్ చేస్తారు.

బిల్లు మీదా కార్డు మీదా క్యూఆర్ కోడ్ వేస్తుంటే, కనీసం 2 సెంటీమీటర్ల చదరం ఉండాలి, చుట్టూ తెల్ల అంచు వదలాలి. వాట్సాప్ బిజినెస్ యాప్ ఇచ్చే కోడే వాడండి. ఊరికే వస్తున్నాయని ఏదో సైటులో చేయించుకున్న కోడ్‌లలో కొన్ని, ట్రయల్ గడువు అయ్యాక పనిచేయవు. అప్పటికి మీ కార్డులు వెయ్యి ఇళ్లలో ఉంటాయి. యాప్‌లో కోడ్‌ను రీసెట్ చేసినా పాతది పోతుంది, ఆ బటన్ జోలికి వెళ్లొద్దు.

పాంప్లెట్లు

ఇవి ఒక్క సీజన్‌లోనే పనికొస్తాయి: ఫిబ్రవరి చివరి వారం నుంచి ఉగాది దాకా. మే నెలలో వేస్తే ఎలాగూ చేతినిండా పని, కాల్స్ వచ్చినా వెళ్లలేరు. వెళ్లలేకపోతే చెడ్డపేరు.

ఏ5 సైజు, 80 జీఎస్‌ఎం ‘మ్యాప్‌లితో’ రకం (మెరుపు లేని మామూలు తెల్ల) కాగితం, ఒకే రంగు. నిగనిగలాడే ఆర్ట్ పేపరు మీద నాలుగు రంగుల పాంప్లెట్ బంగారం కొట్లకీ బట్టల షాపులకీ అక్కరకొస్తుంది. మెకానిక్ పాంప్లెట్‌లో జనం వెతికేది రేటు. ‘తక్కువ ధరలకే నాణ్యమైన సేవలు’ అన్న వాక్యం ఊళ్లో ప్రతి పాంప్లెట్‌లోనూ ఉంది, దాన్ని ఎవరూ చదవరు. దాని బదులు స్ప్లిట్ ఏసీ వాటర్ సర్వీసుకి ఎంత, విండో ఏసీకి ఎంత, వచ్చి చూసినందుకు ఎంత, పని చేయిస్తే ఆ చూసిన చార్జీ తగ్గిస్తారా లేదా, గ్యాస్ నింపితే ఎన్నాళ్లు గ్యారంటీ అనేవి రాయండి. ఐదు లైన్లు.

ఊరంతా పంచొద్దు. మీ షాపుకి బండి మీద పావుగంటలో చేరగలిగే రెండు కాలనీలు ఎంచుకుని, ఒక్కోదానికి వెయ్యి. పేపర్ ఏజెంటుతో ముందురోజు సాయంత్రమే మాట్లాడి కట్టలు అప్పజెప్పాలి, తెల్లవారుజామున పేపర్లు పంచే చోట మడతల్లో పెడతారు. ఆదివారం వద్దు. ఆ రోజు పేపర్లో మరో నాలుగు పాంప్లెట్లు ఉంటాయి, అన్నీ కలిపి ఒకేసారి చెత్తబుట్టలోకి. బుధ, గురువారాలు మేలు. పంచారా, కట్టలు పాత పేపర్లకి వెళ్లాయా అన్న అనుమానం సహజం. ఆ కాలనీల్లో తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే ఉదయం ఏడింటికి ఫోన్ చేసి అడగండి. ఒక కాలనీ పాంప్లెట్ మూలన ‘ఎ’, రెండోదాని మీద ‘బి’ అని వేయించి, ‘ఈ అక్షరం చెబితే 50 రూపాయలు తగ్గింపు’ అంటే ఎక్కడి నుంచి కాల్ వచ్చిందో తెలుస్తుంది.

లెక్క ఇలా వేసుకోండి. రెండు వేల పాంప్లెట్లకి అచ్చు, పంపిణీ కలిపి 4,000 రూపాయలు అయిందనుకుందాం. 14 కాల్స్ వచ్చి 9 పనులు కుదిరాయి. ఖర్చులు పోను పనికి 350 మిగిలితే 3,150. అంటే 850 నష్టం. కానీ ఆ 9 ఇళ్లలో స్టిక్కరు వేసి వచ్చారు, అందులో 4 ఇళ్లు తర్వాతి ఏడాది మళ్లీ పిలిచాయి. ఇంకో 1,400 వచ్చింది, ఇప్పుడు 550 లాభం. స్టిక్కరు లేకుండా పాంప్లెట్ వేయడం చిల్లు బిందెలో నీళ్లు పోయడమే.

డీటీపీ సెంటర్లో

డబ్బు ఎక్కువగా నష్టపోయే చోటు ఇదే. మీరు ఫోన్‌లో టైప్ చేసేది యూనికోడ్ తెలుగు. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతోనే పని. మీ మెసేజ్ అందులో అతికిస్తే ప్రశ్న గుర్తులో, పిచ్చి గీతలో వస్తాయి. కాబట్టి ఆపరేటర్ చూసి మళ్లీ టైప్ చేస్తాడు, కొత్త తప్పులు అక్కడ పుడతాయి. ‘మరమ్మతులు’ కాస్తా ‘మరమత్తులు’ అవుతుంది. వత్తులు జారిపోతాయి. లైన్ల మధ్య ఎడం తక్కువైతే పై లైను వత్తు కింది లైను గుడిలో ఇరుక్కుని రెండూ చదవలేకుండా పోతాయి. ఇంగ్లీషుకి సరిపోయిన ఎడం తెలుగుకి సరిపోదు, పెంచమని చెప్పాలి.

ప్రూఫ్ (అచ్చుకి ముందు చూపించే నమూనా) తెర మీద చూసి ‘ఓకే’ అనకండి. కాగితం మీద ప్రింట్ తీయించండి. ఫోన్ నంబరుని చదవడం కాదు, ఆ కాగితం చూస్తూ ఫోన్‌లో నొక్కి కాల్ చేయండి. మీ ఫోన్ మోగితేనే సంతకం పెట్టండి. క్యూఆర్‌ను కూడా అదే కాగితం మీద, వేరేవాళ్ల ఫోన్‌తో స్కాన్ చేయించండి. ఫోటోలూ లోగోలూ వాట్సాప్‌లో మామూలుగా పంపితే స్పష్టత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. తెర మీద మెరిసే నీలం కాగితం మీద మసకబారుతుంది, అది ప్రెస్సు తప్పు కాదు.

పెద్ద ఏసీ కంపెనీల లోగోలు వరసగా వేయడం మానేయండి. మీకు కంపెనీ అనుమతి లేకుండా ‘ఆథరైజ్డ్ సర్వీస్’ అని వేస్తే ట్రేడ్‌మార్క్ నోటీసు రావచ్చు. ‘అన్ని కంపెనీల ఏసీలు బాగుచేయబడును’ అని రాస్తే చాలు.

బోర్డు, ఫ్లెక్సీ, మిగతావి

షాపు ముందు బోర్డుకి కొలత: పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం. రోడ్డు అవతల 40 అడుగుల నుంచి కనబడాలంటే 4 అంగుళాలు, అదీ తలకట్టు, వత్తులు కాకుండా అసలు అక్షరం. బోర్డు మీద ‘ఏసీ’ అన్న రెండక్షరాలు పేరుకంటే పెద్దగా ఉన్నా తప్పులేదు. స్తంభాలకీ డివైడర్లకీ ఫ్లెక్సీలు కట్టాలంటే మున్సిపాలిటీ అనుమతి కావాలి. లేకపోతే పీకేయడమే కాదు, జరిమానా కూడా పడొచ్చు. ఫ్లెక్సీ మీద నంబరే కదా సాక్ష్యం.

గూగుల్ మ్యాప్స్‌లో షాపుని ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. బోర్డు మీద ఉన్న పేరే పెట్టండి. పేరు వెనక ‘బెస్ట్ ఏసీ రిపేర్’ అని తగిలిస్తే లిస్టింగ్ ఆపేసే ప్రమాదం ఉంది. షాపు లేక ఇంటి నుంచే పనిచేస్తుంటే చిరునామా దాచి, తిరిగే ఏరియాలు మాత్రం ఇవ్వొచ్చు. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అనడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. పని నచ్చినప్పుడు మామూలుగా అడగండి.

ఫ్రిజ్ మాగ్నెట్లు కొనే ముందు ఆగండి, గ్లాస్ డోర్ ఫ్రిజ్‌లకి అవి అంటుకోవు. క్యాలెండర్లు మంచివే. తిథులు, వర్జ్యం, రాహుకాలం ఉన్నదైతే వంటింట్లో ఏడాదంతా వేలాడుతుంది. కానీ అక్టోబరులోనే ఆర్డరివ్వాలి, వందకి మించి అక్కర్లేదు, ఏటా పిలిచే ఇళ్లకే ఇవ్వాలి.

కాల్స్ రాసుకునే పుస్తకంలో ‘నంబరు ఎక్కడ దొరికింది?’ అని ఒక గడి గీసుకోండి. అడగడానికి పది సెకన్లు పడుతుంది. జూన్‌లో సీజన్ అయ్యాక ఆ గడి లెక్కపెట్టి, ఒక్క కాల్ కూడా రానిదాన్ని వచ్చే ఏడాది అచ్చు వేయించకండి.