గుంటక కింద గూడు: మెట్ట చేలల్లో నేల పిట్టల్ని కాపాడుకోవడం ఎలా

వేరుశనగ విత్తిన 20–25 రోజులకు మొదటి గుంటక (సాళ్ళ మధ్య కలుపు తీసే పనిముట్టు) పాస్తారు. 45 రోజులు దాటి ఊడలు (నేలలోకి దిగి కాయలయ్యే కాడలు) దిగడం మొదలయ్యాక చేలో గుంటక పెట్టరు, పెడితే ఊడలు తెగుతాయి. అంటే నేల మీద గుడ్లు పెట్టే పిట్టకు ఆ చేలో గండాలు రెండే: గుంటక తిరిగే ఆ మూడు వారాలు, మళ్ళీ కోత. మధ్యలో దాదాపు రెండు నెలలు చేను దానిదే. గూటికి కావలసింది మూడు నాలుగు వారాలు. గూడు ఎప్పుడు పెట్టిందో, ఎన్నాళ్ళు ఆగాలో తెలిస్తే చాలావరకు పని కొద్దిగా జరపడంతోనే సరిపోతుంది, పంట ఏమీ వదులుకోనక్కర్లేదు.

ఏ పిట్టకు ఎన్ని రోజులు

తీతువు నాలుగు గుడ్లు పెట్టి 28–30 రోజులు పొదుగుతుంది. మార్చి నుంచి ఆగస్టు దాకా ఎప్పుడైనా పెట్టొచ్చు, అందుకే వేసవి దుక్కుల్లోనూ కనిపిస్తుంది. భరత పక్షుల (లార్క్‌ల) గుడ్లు దాదాపు 12 రోజులకు పిగులుతాయి, పిల్లలు ఇంకో పది రోజులు గూట్లోనే ఉంటాయి.

అసలు ఆందోళన వేరే రెండింటి గురించి. నేల నెమలి (లెస్సర్ ఫ్లోరికన్) మగది వాన కాలంలో గడ్డి పైకి నిట్టనిలువుగా ఎగిరెగిరి పడుతుంటే చూసి గుర్తుపడతాం. పెట్టది ఒక్కతే 21 రోజుల పాటు మూడు నాలుగు గుడ్లు పొదుగుతుంది. బట్టమేక (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) పెట్టేది సాధారణంగా ఏడాదికి ఒకటే గుడ్డు, పొదగడానికి దాదాపు 27 రోజులు. రెండూ ప్రపంచ స్థాయిలో అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాబితాలోనే ఉన్నాయి. నంద్యాల జిల్లా రోళ్ళపాడు అభయారణ్యాన్ని 1988లో ప్రకటించింది ప్రధానంగా వీటి కోసమే. అయితే పిట్టకు అభయారణ్యం హద్దు తెలియదు. చుట్టూ ఉన్న బీళ్ళు, కొర్ర, జొన్న, వేరుశనగ చేలు కూడా దాని ఇల్లే.

గూడు వెతకడం

తీతువు గూడంటే అరచేయంత గుంట. లోపల గులకరాళ్ళు, ఎండిన మేక పెంటికలు. నాలుగు గుడ్లూ సన్న కొనలు లోపలికి పెట్టి పువ్వులా అమర్చి ఉంటాయి. మట్టి రంగు మీద నల్ల మచ్చలు ఉండటంతో రెండడుగుల దూరంలో నిలబడి కూడా చూడలేం. కాబట్టి గుడ్ల కోసం వెతక్కండి, పిట్టను చూడండి. మీరు చేలోకి దిగగానే అది గూడు వదిలి చాలా దూరం నడిచి, అక్కడి నుంచి అరుస్తుంది. ఆ అరుపు వినిపించే చోట గూడు ఉండదు. వంద అడుగులు వెనక్కి వచ్చి, బండి చాటునో చెట్టు కిందో పావుగంట కదలకుండా కూర్చోండి. అది ఆగి ఆగి నడిచొచ్చి, రొమ్ము ఇటూ అటూ కదిపి ఎక్కడ కూర్చుంటుందో అదే గూడు. రెండు గుర్తులు ఆనవాలుగా పెట్టుకుంటే (గట్టు మీది వేప, అవతలి బోరు గుంజ) తర్వాత నేరుగా పోవచ్చు.

భరత పక్షి అయితే కాళ్ళ దగ్గర నుంచి లేస్తుంది. అది లేచిన అడుగు దగ్గరే, గడ్డ చాటునో గడ్డి కుచ్చు కిందో గూడుంటుంది. అక్కడే కాళ్ళు ఆపి కింద చూడండి, తొక్కేది ఆ తర్వాతి అడుగులోనే.

మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా గూడు దగ్గరికి వెళ్ళొద్దు. ఆ వేళ పిట్ట కూర్చునేది వేడి ఇవ్వడానికి కాదు, నీడ ఇవ్వడానికి. తీతువు పొట్ట ఈకలు నీళ్ళలో తడిపి వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది కూడా. దాన్ని ఎండలో అరగంట లేపి ఉంచితే గుడ్లు ఉడికిపోతాయి.

గుర్తు పెట్టడం

చాలామంది చేసే తప్పు గూడు పక్కనే కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టడం. కాకి అలాంటివి త్వరగా నేర్చుకుంటుంది. బెత్తెడు లావు కర్రలు రెండు తీసుకుని సాలు వెంబడి గూటికి ముందు ఐదడుగులు, వెనక ఐదడుగులు వదిలి పాతండి, ఎత్తు మోకాలి వరకు చాలు, గుడ్డలు వద్దు. ట్రాక్టరు డ్రైవరుకు నియమం ఒకటే: మొదటి కర్ర దగ్గర గుంటక ఎత్తాలి, రెండోది దాటాక దించాలి. ఎడ్ల గుంటకైతే ఎత్తి దాటించడం ఇంకా సులువు. ఆ పదడుగుల సాలులో కలుపు చేత్తో తీయండి.

నెదర్లాండ్స్‌లో పాడి రైతుల పచ్చిక బయళ్ళలో స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు తీతువు జాతి పిట్టల గూళ్ళకు ఇలాగే కర్రలు పెడతారు. అక్కడ కూడా కర్ర గూటికి దగ్గరైతే నక్కకు దారి చూపినట్టే అవుతుంది.

కర్ర పెట్టి వచ్చిన దారినే తిరిగి రావద్దు. మనిషి వాసన గూటి దాకా వెళ్ళి ఆగిపోతే ముంగిస, కుక్క దాన్నే పట్టుకుని వెళ్తాయి. గూడు పక్కగా నడుచుకుంటూ చేను అవతలి గట్టుకు వెళ్ళిపోండి. గుడ్లు తీసి కోడి కింద పొదిగిద్దామనే ఆలోచన మంచి మనసుతో వచ్చేదే, కానీ పనికిరాదు. పుట్టీ పుట్టగానే నడిచే ఈ పిల్లలకు మేత, దాక్కోవడం చూపేది తల్లి. పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం గూటిని కదిలించినా గుడ్లను పాడుచేసినా వేటగానే లెక్క.

నేల నెమలి గూడు కనబడితే కర్రలు కూడా వద్దు. కనీసం 50 మీటర్లు వదిలి పని ఆపి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. పెట్ట చాలా దగ్గరికి వచ్చేదాకా లేవదు, ఒకసారి బెదిరి గూడు వదిలేస్తే మళ్ళీ రాకపోవచ్చు. ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టకండి.

కోత

గడ్డి బీడు గానీ జొన్న గానీ కోసేటప్పుడు అందరికీ అలవాటు చుట్టూ గట్టు నుంచి మొదలుపెట్టి లోపలికి పోవడం. పిల్లలు నిలబడి ఉన్న గడ్డిలోకే జరుగుతూ పోయి చివరకు మధ్యలో మిగిలిన దిబ్బలో చిక్కుకుంటాయి. చివరి రెండు చుట్లలో యంత్రం వాటి మీదుగానే పోతుంది. నడిమధ్య నుంచి మొదలుపెట్టి బయటికి కోయండి. అప్పుడు గట్టు వైపు తప్పించుకునే దారి ఉంటుంది. స్కాట్లాండ్ దీవుల్లో కార్న్‌క్రేక్ అనే గడ్డి పిట్టను కాపాడడానికి అక్కడి రైతులు చేసింది ముఖ్యంగా ఇదే, దాంతో పాటు కోత తేదీని ఆలస్యం చేయడం. సౌరాష్ట్రలో వీడీలు అనే గడ్డి భూముల్లో వానలు పోయాకే గడ్డి కోసే పద్ధతి ఉంది. మన దగ్గర కూడా అక్టోబర్ చివరి దాకా గడ్డి బీడును కోయకుండా వదిలితే నేల నెమలి కాలం దాటుతుంది. యంత్రం ముందు ఒక మనిషి నడవాలి, రాత్రి కోత వద్దు, దీపాలకు పిట్ట కదలదు.

వేరుశనగ చుట్టూ తామర పురుగు వల్ల వచ్చే తెగుళ్ళను ఆపడానికి నాలుగు వరుసల జొన్న లేదా సజ్జ వేయమని వ్యవసాయ శాఖ ఎలాగూ చెబుతుంది. వేరుశనగ పీకిన వెంటనే ఆ వరుసలు కోయకుండా ఇంకో రెండు వారాలు ఉంచండి. చేను ఒక్కసారిగా బోడి అయినప్పుడు పిల్లలకు దొరికే ఏకైక నీడ అది.

మందులు

విత్తే గొర్రు తిప్పే చోట గట్టు దగ్గర విత్తనం ఒలుకుతుంది. మందు పట్టించిన విత్తనం అక్కడ పైన మిగిలితే కౌజులు, పూరేళ్ళు ఏరుకుంటాయి. మట్టి కప్పేయండి, నిమిషం పని. కార్బోఫ్యూరాన్ గుళికలైతే ఇంకా ప్రమాదం: వాటిని ఇసుక రేణువులనుకుని తింటే చిన్న పిట్టకు ఒక్కటి చాలు. గట్టు పక్కన ఆరేడడుగులు పిచికారీ లేకుండా వదలండి, పిల్లలు బతికేది అక్కడి మిడతల మీదే.

బీడును బీడుగా ఉంచడం

గడ్డి భూమిని ఖాళీ భూమిగా చూసి యూకలిప్టస్ నాటడమే ఈ పిట్టలకు జరిగే పెద్ద నష్టం. అవి చెట్ల దగ్గర గూడు పెట్టవు. సర్కారు తుమ్మ మొలిస్తే వానలకు ముందే వేర్లతో పెకలించండి, నరికితే నాలుగు కొమ్మలై లేస్తుంది. జూలై–సెప్టెంబర్‌లో గొర్రెల మందను బీడు అంతా తిప్పకుండా ఒక మూల ఆపండి.

గూడు ఖాళీగా కనబడితే అడుగున చూడండి. చిటికెడు సన్నటి పెంకు పొట్టు ఉండి, తల్లి దగ్గర్లోనే గోల చేస్తుంటే పిల్లలు బయటపడ్డట్టే. పెద్ద పెంకులు, పచ్చసొన, లేదా ఏమీ లేకపోతే ఎవరో తిన్నట్టు. పిగిలితే కర్రలు అదే రోజు తీసేయండి, కానీ కుక్కను ఇంకో నెల దాటేదాకా చేలోకి తీసుకురావద్దు. తీతువు పిల్ల ఎగరడానికి నెల కంటే కాస్త ఎక్కువే పడుతుంది.