వర్డ్‌ప్రెస్ హోస్టింగ్ కొనేముందు రెండో బిల్లు చూడండి

మీ సైటు ఇంటర్నెట్‌లో ఉండటానికి చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీల పేజీలు వరసగా నాలుగు తెరిచి చూడండి, ఏది ఎవరిదో పేరు చూస్తే తప్ప తెలీదు. పెద్ద అక్షరాల్లో నెలకు నూట యాభై, పక్కన 75 శాతం తగ్గింపు, పైన ఆఫర్ ఇంకో రెండు గంటలే అని వెనక్కి లెక్కపెట్టే గడియారం. రేపు చూసినా అది రెండు గంటలే అంటుంది, కాబట్టి దాన్ని చూసి టెన్షన్ పడకండి. బెంగళూరులో అద్దె ఇల్లు వెతికినవాళ్లకి ఇలాంటి ధర చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అద్దె ఒకటి చెప్తారు, వెళ్లాక పది నెలల అడ్వాన్సు, మెయింటెనెన్సు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె కోత, ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. హోస్టింగ్‌లోనూ అడగాల్సినవి అవే: చేరేటప్పుడు ఎంత, కొనసాగితే ఎంత, వెళ్లిపోతానంటే ఏం పట్టుకెళ్లనిస్తారు.

ఇది ఇక్కడ చిన్నగా ఏదో ఒకటి నడుపుకుంటున్న మనవాళ్ల కోసం. మారతహళ్లిలో కర్రీ పాయింటో, ఇంట్లో పచ్చళ్ల వ్యాపారమో, కూచిపూడి క్లాసులో, తెలుగులో బ్లాగో. రోజుకి లక్షమంది వచ్చే సైటుంటే మీకు ఈ పాటికే ఒక ఇంజనీరు ఉండి ఉంటారు, ఆయన్నే అడగండి.

ఇంకొకటి ముందే చెప్పేస్తా. సైటు తయారుచేసుకోవడానికి వాడే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, 2003 నుంచీ ఉంది, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ నుంచి దించుకుని ఏ సర్వర్‌లోనైనా (సైటుని ఉంచే కంప్యూటర్) పెట్టుకోవచ్చు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది ఆటోమాటిక్ కంపెనీ నడిపే హోస్టింగ్ సేవ. కింద చెప్పేదంతా మొదటిదాన్ని మన సొంత హోస్టింగ్‌లో పెట్టుకోవడం గురించి.

లెక్క ఎలా వెయ్యాలి

ఒక షీట్ తెరవండి. ఒక్కో కంపెనీకి ఒక వరస, అందులో మొదటి గడిలో వాళ్లు ప్రకటించిన ధర కాదు, మూడేళ్లకి మీ జేబులోంచి మొత్తం ఎంత పోతుందో రాయాలి. ఊరికే ఉదాహరణకి, ఒకడు నెలకు 149 అంటాడు. నొక్కి లోపలికెళ్తే అది 48 నెలలది ఒకేసారి కడితేనట. ఏడాదికే తీసుకుంటే నెలకు 299, రిన్యూవల్‌కి 449. ఇంకొకడు మొదటి నుంచీ చివరిదాకా 249 అంటాడు, తగ్గింపు గిగ్గింపు ఏమీ లేదు, అందుకే మనకి వాడు ఖరీదుగా కనిపిస్తాడు. ఏడాదికోసారి కట్టే లెక్కన మూడేళ్లకి మొదటివాడిది 14,364 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో కలిపి దాదాపు 16,950. రెండోవాడిది 8,964, జీఎస్టీతో దాదాపు 10,580. జీఎస్టీ ప్రకటనలో ఉండదు, చివరి పేజీలో కలుస్తుంది.

అలాగని నాలుగేళ్లది ఒకేసారి కట్టడం తప్పని కాదు, లెక్కప్రకారం చాలాసార్లు అదే చవక. కాకపోతే ఆ కంపెనీని కనీసం ఒక నెలైనా వాడి చూడకుండా నాలుగేళ్ల డబ్బు చేతిలో పెట్టకండి. రిన్యూవల్ ధర సాధారణంగా ధర కిందే బూడిద రంగు చిన్న అక్షరాల్లో ఉంటుంది, అక్కడ లేకపోతే నిబంధనల పేజీలో వెతకండి, అక్కడా లేకపోతే చాట్‌లో అడిగి జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

డాలర్లలో బిల్లు వేసేవాళ్లయితే రూపాయి విలువ, కార్డు కంపెనీ తీసుకునే విదేశీ లావాదేవీ రుసుము కూడా కలపాలి. ఆటో పే పెట్టాం కదా అని ధీమాగా ఉండొద్దు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు 2021 అక్టోబర్ నుంచి మారాయి, ఈ-మాండేట్ (డబ్బు దానంతటదే కట్ కావడానికి మీరు ముందే ఇచ్చే అనుమతి) నమోదు కాని కార్డు నుంచి డబ్బు దానంతటదే కట్ కాదు. కట్ కాలేదన్న మెయిల్ స్పామ్‌లో పడుంటుంది, మనం చూసేసరికి సైటు ఆగిపోయి ఉంటుంది. ఫోన్ క్యాలెండర్‌లో గడువుకి నెల ముందు ఒక రిమైండర్ పెట్టుకోవడమే దీనికి మందు.

పేర్లు వేరు, ఇల్లు ఒకటే

"బెస్ట్ హోస్టింగ్ 10" అని వచ్చే పోలికల్ని నమ్మి కొనకండి. అందులో చాలావాటికి మీరు లింకు నొక్కి కొంటే కమీషన్ వస్తుంది, ఎక్కువ కమీషన్ ఇచ్చేవాడు జాబితాలో పైకెక్కడం వింతేం కాదు. పైగా బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్, బిగ్‌రాక్ ఈ మూడూ న్యూఫోల్డ్ డిజిటల్ అనే ఒకే సంస్థ కిందవి. క్లౌడ్‌వేస్‌ని 2022లో డిజిటల్ ఓషన్ కొనేసింది. ప్లాన్లూ ధరలూ వేరుగా ఉండొచ్చు కానీ మూడు పేర్లు పక్కపక్కన పెట్టుకున్నంత మాత్రాన మూడు కంపెనీల్ని పోల్చినట్టు కాదు. మీ షీట్‌లో ఒక గడి దీనికీ వేయండి, అసలు యజమాని ఎవరని.

సర్వర్ ఏ ఊళ్లో ఉంది

మీ సైటు చూసేవాళ్లు బెంగళూరులోనో, రెండు తెలుగు రాష్ట్రాల్లోనో ఉంటే సర్వర్ కూడా ఇండియాలోనే ఉండాలి. ఇక్కడి నుంచి ముంబై సర్వర్‌కి ఒక సంకేతం వెళ్లి రావడానికి మామూలుగా ఇరవై ముప్ఫై మిల్లీసెకన్లు పడితే, అమెరికాకి రెండు వందలు దాటుతుంది. ఒక పేజీ తెరుచుకోవాలంటే అలాంటి రాకపోకలు చాలా జరగాలి. సరుకేం తక్కువ లేదు కూడా: డిజిటల్ ఓషన్‌కి 2016 నుంచి మన బెంగళూరులోనే డేటా సెంటర్ ఉంది, అమెజాన్‌కి 2016లో ముంబై, 2022లో హైదరాబాద్ వచ్చాయి, గూగుల్‌కి ముంబై, ఢిల్లీ, అకమాయ్ కొన్న లినోడ్‌కి ముంబై, చెన్నై. షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) అమ్మేవాళ్లలో హోస్టింగర్ లాంటివాళ్లు కొనేటప్పుడు సర్వర్ ప్రాంతం ఎంచుకోమంటారు, ఆ మెనూ చూడకుండా దాటేస్తే వాళ్లు ఏది పెడితే అదే. కస్టమర్లు డల్లాస్, న్యూజెర్సీల్లో ఉన్న పెళ్లి సంబంధాల సైటో, ఆన్‌లైన్ క్లాసులో అయితే మాత్రం కథ వేరు, అప్పుడు అమెరికా సర్వరే మేలు.

అన్‌లిమిటెడ్ అంటే

ఇది కాస్త నిదానంగా చదవండి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

మా వదిన కగ్గదాసపురలో ఇంటి నుంచే పచ్చళ్లు, పొడులు అమ్ముతుంది. ఏడాదంతా పదిమంది కూడా చూడని సైటు. మే నెలలో కొత్తావకాయ సిద్ధమని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టగానే జనం ఒక్కసారి లింకు నొక్కారు. హోమ్ పేజీ అందరికీ బాగానే వచ్చింది. కార్ట్‌లో రెండు కిలోలు వేసుకుని చెకవుట్ నొక్కినవాళ్లకి తెల్లటి పేజీ మీద 508, రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్. "అన్‌లిమిటెడ్ అన్నారుగా, మరి ఈ లిమిట్ ఎక్కడ్నుంచొచ్చింది?" అని వదిన అడిగిన ప్రశ్నే హోస్టింగ్ కొనే ప్రతివాళ్లూ కొనకముందే అడగాలి.

జరిగేది ఇదీ. మామూలు పేజీని సర్వర్ ఒకసారి తయారుచేసి దాచుకుంటుంది, తర్వాత వచ్చినవాళ్లందరికీ ఆ దాచిన కాపీనే ఇస్తుంది, దీన్నే క్యాష్ అంటారు, కాబట్టి వందమంది వచ్చినా పెద్ద శ్రమ లేదు. వర్డ్‌ప్రెస్‌లో అమ్మకాలకి వాడే వూకామర్స్‌లో కార్ట్, చెకవుట్ పేజీలు అలా దాచడానికి లేదు, ఎవరి కార్ట్ వాళ్లదే. ఒక్కొక్కళ్ల కోసం పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్‌ని రాసిన ప్రోగ్రామింగ్ భాష) ప్రతిసారీ కొత్తగా నడవాలి, సైటు సమాచారమంతా ఉండే డేటాబేస్‌ని అడగాలి. షేర్డ్ ప్లాన్లలో ఒకేసారి ఎన్ని అలా నడవొచ్చో హద్దు ఉంటుంది, ఆ హద్దు దాటితే 508. ప్రకటనలో అన్‌లిమిటెడ్ అన్నది బ్యాండ్‌విడ్త్ (సైటు నుంచి వెళ్లే డేటా) గురించి, అసలు ఇబ్బంది బ్యాండ్‌విడ్త్‌తో కాదు.

అందుకే షీట్‌లో స్టోరేజ్ ఎన్ని జీబీలు అన్న గడి కొట్టేసినా ఫర్వాలేదు, ఈ గడులు ఉండాలి: పీహెచ్‌పీ వర్కర్లు లేదా ఎంట్రీ ప్రాసెస్‌లు ఎన్ని (ఒకేసారి ఎన్ని నడవొచ్చన్న ఆ హద్దే ఇది), మెమరీ ఎంత, ఇనోడ్‌లు ఎన్ని. ఇనోడ్ అంటే ఫైళ్ల సంఖ్య అనుకోండి. వర్డ్‌ప్రెస్ ఒక్క ఫొటో ఎక్కిస్తే వేర్వేరు సైజుల్లో నాలుగైదు కాపీలు చేసుకుంటుంది, వంద జీబీ స్థలంలో ఐదు జీబీ వాడకముందే ఫైళ్ల హద్దు నిండిపోవచ్చు. ఉత్త బ్లాగు, లేదా చిరునామా, మెనూ, ఫోన్ నంబరు ఉండే సైటైతే ఈ గొడవేమీ లేదు, ఇండియా సర్వర్ ఉన్న చవక షేర్డ్ ప్లాన్ చాలు. అమ్మకాలు, లాగిన్లు, క్లాసులు ఉంటే మాత్రం మేనేజ్డ్ వర్డ్‌ప్రెస్ ప్లానో (సర్వర్ బాగోగులు కంపెనీయే చూసేది), క్లౌడ్‌వేస్ తరహాలో నెలనెలా కట్టేదో చూడండి. సొంతంగా వీపీఎస్ (సర్వర్‌లో మీకంటూ విడిగా ఇచ్చే భాగం) తీసుకుంటే ఇంకా చవకే కానీ, అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేపేది మీరే. టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే తెర) చూసి భయపడని వాళ్లే అటు వెళ్లండి.

చాట్‌లో అడగాల్సినవి

కొనకముందు సేల్స్ చాట్‌లో కాదు, సపోర్ట్ చాట్‌లో అడగండి. సేల్స్‌వాళ్లు దేనికైనా ఎస్ సర్ అంటారు. బ్యాకప్ రోజూ తీస్తారా వారానికోసారా, ఎన్నాళ్లు ఉంచుతారు, దాన్ని నేను దించుకోవచ్చా, వెనక్కి పెట్టాలంటే నేనే బటన్ నొక్కొచ్చా లేక డబ్బులు కట్టాలా? ఈ చివరి ప్రశ్నకే చాలామంది నీళ్లు నములుతారు. బ్యాకప్ ఉచితం, రీస్టోర్‌కి రుసుము అనే ప్లాన్లున్నాయి. వాళ్లది ఎంత బాగున్నా అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ లాంటి ప్లగిన్‌తో (వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే అదనపు ప్రోగ్రామ్) మీ గూగుల్ డ్రైవ్‌లో ఇంకో కాపీ పడేలా పెట్టుకోండి, హోస్టింగ్ వాడితోనే తగాదా వస్తే వాడి దగ్గరున్న బ్యాకప్ మీకెందుకూ పనికిరాదు.

99.9 శాతం అప్‌టైమ్ (సైటు ఆగకుండా నడిచే సమయం) అన్న హామీ గొప్పగా వినిపిస్తుంది. నెలలో 43 నిమిషాలు ఆగినా ఆ హామీ నిలబడ్డట్టే, అది దాటినా దక్కేది మామూలుగా హోస్టింగ్ బిల్లులో కొంత తగ్గింపే, పోయిన ఆర్డర్ల డబ్బు కాదు.

ఎస్ఎస్ఎల్‌కి (సైటుకీ చూసేవాళ్లకీ మధ్య సమాచారం భద్రంగా వెళ్లేలా చేసే సర్టిఫికెట్) డబ్బు అడిగేవాళ్లని పక్కన పెట్టేయండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, దాన్ని హోస్టింగ్‌వాళ్లు ఆటోమేటిక్‌గా పొడిగించడం ఇప్పుడు కనీస మర్యాద.

నెల తీసుకుని పరీక్షించండి

30 రోజుల్లో డబ్బు వాపసు అనేది చాలా కంపెనీలు ఇస్తాయి, ఉచితమని ఇచ్చిన డొమైన్ (సైటు పేరు) ఖర్చు మాత్రం అందులోంచి కోసుకుంటారు, అందుకని పరీక్షకి డొమైన్ తీసుకోకండి, వాళ్లిచ్చే తాత్కాలిక చిరునామా చాలు. అందులో మీరు నిజంగా వాడబోయే థీమ్, ప్లగిన్లు, నాలుగు తెలుగు పోస్టులు పెట్టండి. ఖాళీ సైటు ఎక్కడైనా పరిగెడుతుంది.

క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో తెరిచి ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో పేజీ మళ్లీ లోడ్ చేసి, మొదటి వరస నొక్కి టైమింగ్ చూస్తే వెయిటింగ్ ఫర్ సర్వర్ రెస్పాన్స్ అని ఉంటుంది. సర్వర్ మొదటి జవాబు మొత్తం మీద 0.8 సెకన్ల లోపు రావడం మంచిదని గూగుల్ చెప్పే కొలత. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి చూడండి, షేర్డ్ సర్వర్ రంగు రాత్రే తెలుస్తుంది. నా లెక్కలో ఇంతకంటే మంచి పరీక్ష వర్డ్‌ప్రెస్ అడ్మిన్‌లోకి వెళ్లి పోస్టుల జాబితా, ఎడిటర్ తెరవడం, ఎందుకంటే అడ్మిన్ పేజీలకి క్యాష్ మాయ ఉండదు, సర్వర్ అసలు సత్తా అక్కడ బయటపడుతుంది. ఊళ్లో ఉన్న అమ్మకో, అన్నయ్యకో లింకు పంపి మొబైల్ డేటా మీద ఎలా వస్తోందో కూడా అడగండి, వైట్‌ఫీల్డ్ ఫైబర్ మీద బాగున్నది నరసరావుపేటలో ఫోన్ మీద బాగుండాలని లేదు.

అదే అడ్మిన్‌లో టూల్స్, సైట్ హెల్త్, ఇన్ఫో కింద సర్వర్ వివరాలన్నీ ఉంటాయి. పీహెచ్‌పీ 8.3 లేదా ఆ పైది, డేటాబేస్‌కి మరియాడీబీ 10.6 లేదా మైసీక్వెల్ 8.0 ఉన్నాయేమో చూడండి, కొత్తగా కొంటూ అంతకంటే పాతదానికి డబ్బు కట్టక్కర్లేదు. సర్వర్ సాఫ్ట్‌వేర్ లైట్‌స్పీడ్ అయితే లైట్‌స్పీడ్ క్యాష్ ప్లగిన్ ఉచితంగా పూర్తిగా పనిచేస్తుంది, అది కలిసొచ్చే విషయం.

తెలుగులో రాసేవాళ్లకి ఒక మాట. పోస్టు లింకు తెలుగులోనే వదిలేస్తే ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు విడివిడిగా తొమ్మిదేసి క్యారెక్టర్లుగా మారుతుంది, వర్డ్‌ప్రెస్ లింకు పేరుకి 200 దగ్గర గీత గీస్తుంది, అంటే 22 గుర్తులు దాటితే శీర్షిక మధ్యలో తెగుతుంది. ఫొటో ఫైళ్లకి తెలుగు పేర్లుంటే హోస్టింగ్ మారేటప్పుడు అవి కనిపించకుండా పోతుంటాయి. రెండూ ఇంగ్లీష్ అక్షరాల్లో పెట్టుకోండి. సైటు మార్చాక తెలుగు బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే డేటాబేస్ క్యారెక్టర్ సెట్ (అక్షరాల్ని దాచే పద్ధతి) తప్పిందని అర్థం, ఆ పోస్టుల్ని సేవ్ చేయకుండా, పాత డేటాబేస్ నుంచి తెలుగు పట్టే యుటిఎఫ్8ఎంబీ4 క్యారెక్టర్ సెట్‌లో మళ్లీ ఎక్కించమనండి.

డొమైన్ ఎవరి పేరు మీద

సైటు చేసిపెట్టిన తెలిసినబ్బాయి తన మెయిల్ ఐడీతోనే డొమైన్ కొనేసి, ఉద్యోగం వచ్చి పుణె వెళ్లిపోయాక ఫోన్ ఎత్తకపోవడం ఇక్కడ ఎంతమందికి జరిగిందో లెక్కలేదు. డొమైన్ మీ పేరు, మీ మెయిల్, మీ ఫోన్ నంబరుతో, వీలైతే హోస్టింగ్‌తో సంబంధం లేని రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గర కొనండి. అప్పుడు హోస్టింగ్ నచ్చకపోతే నేమ్‌సర్వర్ (డొమైన్ ఏ హోస్టింగ్‌కి దారి చూపాలో చెప్పే సెట్టింగ్) మార్చుకుంటే సరిపోతుంది. రెండూ ఒకేచోట ఉంటే, డాట్ కామ్ డొమైన్ కొత్తగా కొన్న 60 రోజుల దాకా ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చుకోలేరని గుర్తుంచుకోండి.

మారేటప్పుడు కొత్తచోట సైటంతా ఎక్కించి, ఫారం నింపి, ఒక ఆర్డర్ పెట్టి చూశాకే నేమ్‌సర్వర్ మార్చండి. పాత హోస్టింగ్‌లోనే మెయిల్స్ ఉంటే వాటిని ముందు దించుకోవాలి, నేమ్‌సర్వర్ మారాక కొత్త మెయిల్స్ అక్కడికి రావు. పాత ఖాతాని ఇంకో రెండు వారాలు ఉంచి, ఆ తర్వాత రద్దు చేయండి. ఆటో రిన్యూవల్ ఆపే బటన్ మాత్రం నేమ్‌సర్వర్ మార్చిన రోజే నొక్కేయండి, అది సాధారణంగా బిల్లింగ్ కింద సబ్‌స్క్రిప్షన్లలో ఉంటుంది.