వానలు మొదలయ్యే లోపే పాత కారు టూల్ డబ్బా సిద్ధం చేసుకోండి

హైదరాబాద్‌లో గట్టిగా అరగంట వాన పడితే చాలు, మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద, బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర, లక్డీకాపూల్ వైపు నీళ్లు నిలిచిపోతాయి. ఆ ట్రాఫిక్‌లో కొత్త కారు ఆగిపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కూర్చోవచ్చు. అంబాసిడరో, ప్రీమియర్ పద్మినో ఆగిపోతే ఎవరికి చేయాలి? పద్మిని తయారీ ఆగి ఇరవై ఏళ్లు దాటింది. అంబాసిడర్ 2014లో ఆగింది. టోయింగ్ బండితో వచ్చే కుర్రాడికి మీ కారును ఎక్కించడం తెలుస్తుంది గానీ, ఇగ్నిషన్ పాయింట్లు (ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టేలా కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే చిన్న స్విచ్చు) శుభ్రం చేయడం తెలియకపోవచ్చు. అందుకే మృగశిర కార్తె రాకముందే, అంటే జూన్ మొదటి వారంలోపు, డిక్కీలోని టూల్ డబ్బా సంగతి తేల్చుకోవాలి.

ముందుగా ఒక్క మాట. డబ్బాలో పెట్టే ప్రతి వస్తువూ మీ బండి మీద, మీ చేతులతో, ఇంటి దగ్గర ఒకసారి పని చేసి ఉండాలి. అలా చేసి చూడనిది ఎంత ఖరీదైనదైనా లెక్కలోకి రాదు. వానలో, చీకట్లో, వెనక హారన్లు మోగుతుంటే కొత్త పనిముట్టు నేర్చుకోవడం ఎవరి వల్లా కాదు.

పానాలతోనే మొదలుపెడదాం. ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ కిట్లలో దాదాపు అన్నీ మిల్లీమీటర్ల సైజులే. పద్మిని ఫియట్ సంతతి కాబట్టి దానికి అవి పనికొస్తాయి. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది, దాని బోల్టులు అంగుళాల లెక్క. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా వేస్తే పట్టినట్టే ఉంటుంది, గట్టిగా తిప్పితే జారి బోల్టు మూలలు అరిగిపోతాయి. ఆ తర్వాత అసలైన పానా తెచ్చినా పట్టదు. 7/16 అంగుళం బోల్టుకి 11 పానా అసలు ఎక్కదు. ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన తర్వాతి అంబాసిడర్లలో రెండు రకాలూ కలిసి ఉంటాయి. కాబట్టి కొనే ముందు ఒక ఆదివారం బానెట్ ఎత్తి, మీరు రోడ్డు మీద విప్పాల్సి వచ్చే బోల్టులు ఏవో, వాటికి ఏ పానా పడుతుందో రాసుకోండి. బ్యాటరీ టెర్మినల్, డైనమో లేదా ఆల్టర్నేటర్, పెట్రోల్ పంపు, కార్బురేటర్, చక్రాల నట్లు. అంతా కలిపి ఏడెనిమిది సైజులకు మించదు. ఆ చీటీ పట్టుకుని రాణిగంజ్ వెళ్లండి. విడి పానాలు మంచి ఉక్కువి ఏరుకోవచ్చు. వంద ముక్కల డబ్బా కంటే ఎనిమిది సరైన పానాలు మేలు.

ఇక వానాకాలపు అసలు శత్రువు దగ్గరికి వద్దాం. పాత పెట్రోల్ కారు వానలో ఆగిపోయిందంటే నేను ముందు అనుమానించేది ఇగ్నిషన్‌నే, అంటే పెట్రోల్‌ని మండించే నిప్పురవ్వను పుట్టించే ఏర్పాటునే. బ్యాటరీ వోల్టేజీని పెంచే కాయిల్ నుంచి ప్లగ్గులకు వెళ్లే కరెంటు వేల వోల్టుల్లో ఉంటుంది. ఆ కరెంటును ఒక్కో ప్లగ్గుకి పంచే డిస్ట్రిబ్యూటర్ మూత (క్యాప్) మీద సన్నని తేమ పొర చేరినా, దాన్ని మోసే హెచ్‌టీ (హై టెన్షన్) వైరు తొడుగు పగిలినా, ఆ కరెంటు ప్లగ్గు దాకా వెళ్లకుండా దగ్గర్లో ఉన్న ఇనుములోకి దూకేస్తుంది. ఇంజిన్ దగ్గుతుంది, కుదుపుతుంది, ఆగిపోతుంది.

ఇది ముందే కనిపెట్టొచ్చు. రాత్రి లైట్లు తీసేసి, బానెట్ ఎత్తి, ఇంజిన్ ఐడిల్‌లో పెట్టండి. మొక్కలకు కొట్టే స్ప్రే సీసాతో వైర్ల మీద, క్యాప్ మీద మంచులాగా పడేట్టు కొద్దిగా నీళ్లు చల్లండి. లోపం ఉంటే వైరు పక్కన సన్నని నీలి మెరుపులు పాకుతూ కనిపిస్తాయి, ఇంజిన్ శబ్దం తడబడుతుంది. వైర్లను మాత్రం చేత్తో ముట్టుకోకండి. ఇంజిన్ ఆపాక క్యాప్ విప్పి టార్చి వేసి లోపలి గోడ చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు నల్లని సన్నని గీత కనిపిస్తే ఆ క్యాప్ పని అయిపోయినట్టే. ఎంత తుడిచినా తడి తగిలితే కరెంటు మళ్లీ అక్కడి నుంచే కారుతుంది.

డబ్బాలో పెట్టాల్సిన విడిభాగాలు ఇక్కడే ఎక్కువ. డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్ (క్యాప్ లోపల తిరుగుతూ కరెంటును ఒక్కో ప్లగ్గు వైపు పంపే ముక్క), పాయింట్లు, కండెన్సర్ (పాయింట్లు కాలిపోకుండా కాపాడే చిన్న భాగం), రెండు ప్లగ్గులు, ఒక హెచ్‌టీ వైరు. ఇందులో మా మెకానిక్ ఉస్తాద్ చెప్పిన పద్ధతి నాకు చాలా నచ్చింది. కొత్త కండెన్సర్ కొని డబ్బాలో దాచొద్దు, దాన్ని ఇంజిన్‌కి బిగించి నడపండి, బాగా పనిచేస్తున్న పాతదాన్ని విప్పి డబ్బాలో పెట్టండి. ఇప్పుడు మార్కెట్లో వచ్చే కండెన్సర్లు కొన్ని వారం తిరక్కుండానే పోతున్నాయి. రోడ్డు మీద ఆగినప్పుడు చేతిలో ఉండాల్సింది పనిచేస్తుందని తెలిసిన ముక్క. రోటర్‌కీ, పాయింట్లకీ ఇదే పద్ధతి.

వీటితో పాటు ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకులు), ఒక ముక్క సన్నని ఎమరీ పేపర్, పొడిగా ఉన్న నూలు గుడ్డలు. గుడ్డలు జిప్ కవర్లో పెట్టకపోతే అవసరానికి అవీ తడిసే ఉంటాయి. 1489 ఇంజిన్ అంబాసిడర్‌లో పాయింట్ల గ్యాప్ (పూర్తిగా తెరుచుకున్నప్పుడు మధ్యలో ఉండే సందు) 0.015 అంగుళం, అంటే దాదాపు 0.38 మిల్లీమీటరు. గేజ్ లేకపోతే గట్టి విజిటింగ్ కార్డు మందం దానికి దగ్గరగా ఉంటుంది, ఇల్లు చేరడానికి సరిపోతుంది. వేరే బండి అయితే మీ మాన్యువల్‌లోని కొలత రాసుకోండి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకున్నవాళ్లు కూడా పాత పాయింట్ల సెట్టు ప్లేటుతో సహా డబ్బాలో ఉంచాలి. ఆ మాడ్యూల్ పోతే రోడ్డు పక్కన దాన్ని బాగుచేయడం కుదరదు.

మల్టీమీటర్ కంటే నేను ముందు చేతిలోకి తీసుకునేది టెస్ట్ ల్యాంప్. 12 వోల్టుల చిన్న బల్బు, రెండు వైర్లు, ఒకదానికి క్లిప్పు, ఇంకోదానికి సూది. బండి గేరులో లేకుండా చూసి, క్లిప్పు బాడీకి పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, తాళం వైపు నుంచి కాయిల్‌కి వచ్చే టెర్మినల్‌కి సూది తాకించండి. బల్బు వెలిగితే బ్యాటరీ నుంచి కాయిల్ దాకా కరెంటు వస్తున్నట్టు. ఇప్పుడు సూదిని కాయిల్‌లో డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే టెర్మినల్‌కి మార్చి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. బల్బు వెలుగుతూ ఆరుతూ ఉంటే పాయింట్లు తెరుచుకుని మూసుకుంటున్నాయి. అస్సలు వెలగకపోయినా, ఆరకుండా వెలుగుతూనే ఉన్నా తప్పు పాయింట్ల దగ్గరో, వాటికి వెళ్లే వైరులోనో వెతకాలి. రెండు నిమిషాల పని, సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

కరెంటు సరిగా ఉంటే పెట్రోల్ చూడాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం (పెట్రోల్‌ని లాగి తోసే లోపలి పొర) ఈ ఇథనాల్‌కి తగ్గట్టు చేసినవి కావు. అవి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, లోపల పొరలు ఊడి ఫిల్టర్‌లో చేరతాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా, కాబట్టి వానాకాలంలో వారాల తరబడి సగం ట్యాంకుతో బండిని నిలిపి ఉంచొద్దు. ఎస్ఏఈ జె30 ఆర్9 (SAE J30 R9) అని ముద్ర ఉన్న పైపు ఇథనాల్‌ని తట్టుకుంటుంది. బండిలో ఉన్నవన్నీ అదే రకానికి మార్పించి, ఓ మీటరు ముక్క, నాలుగు క్లిప్పులు, ఒక ఇన్‌లైన్ ఫిల్టర్, పంపు డయాఫ్రం కిట్ డబ్బాలో వేసుకోండి. పంపు పనిచేస్తోందా అని చూడాలంటే ముందు తాళం వైపు నుంచి కాయిల్‌కి వచ్చే వైరు ఊడదీయండి. అప్పుడు మాత్రమే కార్బురేటర్ దగ్గర పైపు విప్పి, చివర సీసాలో పెట్టి, సెల్ఫ్ కొట్టించండి. వైరు తీయకుండా ఈ పని చేస్తే నిప్పురవ్వకి పెట్రోల్ అంటుకోవచ్చు, అది ప్రాణాలతో చెలగాటం. జూన్‌లో వాన రాని ఎండ రోజుల్లో, ట్రాఫిక్‌లో వేడెక్కి పైపులో పెట్రోల్ ఆవిరై ఆగితే, పంపు మీద తడిగుడ్డ కప్పి పది నిమిషాలు ఆగండి. డిక్కీలో డబ్బాలో నింపిన పెట్రోల్ మాత్రం పెట్టుకోవద్దు.

మంట ఆర్పే సిలిండర్ గురించి గట్టిగానే చెప్పాలి. పాత కార్బురేటర్ బండ్లలో ఇది అలంకారం కాదు. ఐఎస్ఐ ముద్ర ఉన్న ఏబీసీ పౌడర్ రకం, కనీసం ఒక కిలోది, డ్రైవరు సీటు దగ్గర చేతికందేలా బిగించండి. డిక్కీలో సామాన్ల కింద ఉంటే ఉపయోగం లేదు. బానెట్ కింద మంట వస్తే బానెట్ పూర్తిగా ఎత్తకండి, గాలి తగిలి మంట పైకి లేస్తుంది. కొద్దిగా సందు చేసి అందులోంచి కొట్టండి. మంట చెయ్యి దాటిందనిపిస్తే కారును వదిలేసి దూరంగా వెళ్లండి.

ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ పై పైపు, అయిదు లీటర్ల నీళ్లు, సాగదీసి చుడితే దానికదే అతుక్కునే సిలికాన్ టేపు. వీటికి వివరణ అక్కర్లేదు. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దని కూడా మీకు తెలుసు.

ఫ్యూజుల్లో ఒక చిక్కు ఉంది. అంబాసిడర్‌లో గాజు గొట్టం ఫ్యూజులు, పద్మినిలో పింగాణీవి. ఇప్పటి బ్లేడ్ ఫ్యూజులు రెండింటికీ పట్టవు. లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే హద్దు, ఆగకుండా మోయగలిగేది దాదాపు దానిలో సగమే. ఆగకుండా 35 ఆంపియర్లు మోసేట్టు లెక్కగట్టిన ఫ్యూజు అందులో పెడితే, ఫ్యూజు కంటే ముందు వైరింగ్ కాలుతుంది. జంపర్ కేబుళ్లు తగిలించే ముందు మీ బండి బాడీకి బ్యాటరీలో ఏ కొస కలిపి ఉందో చూడండి. 1960లకు ముందువీ, ఆ కాలంవీ కొన్ని బ్రిటిష్ రకం కార్లలో పాజిటివ్ కొస బాడీకి ఉంటుంది. ఇలాంటి కారుకు కొత్త కారుతో జంపింగ్ చేస్తుంటే రెండు బండ్ల బాడీలు ఒకదానికొకటి తగలకూడదు.

సెల్ఫ్ పనిచేయకపోతే ఆదుకునేది స్టార్టింగ్ హ్యాండిల్, అంటే కారు ముందు నుంచి ఇంజిన్‌ని చేత్తో తిప్పే ఇనుప కడ్డీ. చాలామంది పాత ఇనుములో వేసేశారు, మీ దగ్గర ఉంటే జాగ్రత్తగా దాచుకోండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచి పట్టుకోవాలి, హ్యాండిల్ చుట్టూ తిప్పి బిగించకూడదు. కింది నుంచి పైకి లాగాలి తప్ప, పై నుంచి కిందికి బరువు వేసి నొక్కకూడదు. ఇంజిన్ వెనక్కి తంతే బొటనవేలు, మణికట్టు విరుగుతాయి. పెద్దవాళ్లెవరైనా ఉంటే ఇంటి దగ్గరే చూపించమనండి.

స్టెప్నీలో గాలి చూసుకోండి. వానకు నానిన మట్టిలో జాకీ దిగబడిపోతుంది, దాని కింద వేయడానికి అడుగు చదరం మందపాటి చెక్క, చక్రాలకు అడ్డం పెట్టడానికి రెండు చెక్క ముక్కలు కూడా ఉండాలి.

ఇన్ని చెప్పాక ఇది కూడా చెప్పాలి: నీళ్లలోకి దిగొద్దు. నీళ్లు చక్రం మధ్యభాగాన్ని దాటేలా ఉంటే వెనక్కి తిరగండి. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారన్న వార్త వస్తే మూసీ పొంగే మూసారాంబాగ్ వైపు పోనే వద్దు. 2020 అక్టోబరు వానలకు ఈ నగరంలో కార్లే కొట్టుకుపోయాయి. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, అప్పుడు ఏ డబ్బా పనికిరాదు. లోతు తక్కువ నీళ్లు దాటి వచ్చినా డ్రమ్ బ్రేకులు కాసేపు పట్టవు. నెమ్మదిగా వెళుతూ బ్రేకు మీద తేలిగ్గా కాలు వేసి ఆరనివ్వండి.

అనంతగిరి వైపో, అవుటర్ రింగ్ రోడ్డు మీదో వెళ్లేవాళ్లకు రిఫ్లెక్టర్ త్రికోణం, మెరిసే జాకెట్, తలకు కట్టుకునే టార్చి తప్పనిసరి. అవుటర్ మీద ఆగితే బండిని ఎడమ అంచుకు తీసి, త్రికోణం బాగా వెనక పెట్టి, మనుషులందరూ రెయిలింగ్ అవతలికి వెళ్లాలి. వెనక లారీలు వస్తుంటే రోడ్డు వైపు నిలబడి బాగుచేసే ప్రయత్నం చేయొద్దు. 112కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద అయితే 1033.

డబ్బా మూత లోపలి వైపు ఒక కాగితం అంటించి, పైన ప్లాస్టిక్ టేపు వేయండి. పానాల సైజులు, పాయింట్ల గ్యాప్, ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు వరుసగా మండే క్రమం (అంబాసిడర్, పద్మిని రెండింటికీ 1-3-4-2), ఉస్తాద్ నంబరు అందులో రాయండి. హెచ్‌టీ వైర్లకు కూడా ఇప్పుడే నంబర్ల టేపులు చుట్టేయండి.